పురిటి నొప్పులకు మత్తు మందు: భయమెంత, వాస్తవమెంత

"వెన్నులో సూది వేయించుకుంటే జన్మంతా నడుము నొప్పి తప్పదు." బెంగళూరులో మూడు నాలుగు తరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్ళలో ఏ సీమంతానికి వెళ్ళినా ఈ మాట వినిపిస్తుంది. చెప్పేవారు పెద్దవారు, అనుభవం ఉన్నవారు. వినే అమ్మాయికి అది తొలి కాన్పు. ఎదురు చెప్పలేక, ఎవరిని అడగాలో తెలియక ఊరుకుంటుంది. తీరా లేబర్ వార్డుకు వెళ్ళాక, నొప్పులు మధ్యలో ఉండగా, ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉన్న ఫారం మీద సంతకం అడుగుతారు. ఆ సమయంలో ఎవరికీ చదివే ఓపిక ఉండదు.

సంఘం తరఫున ఇలాంటి ఫారాలు చదివి పెట్టమని అడిగేవారు చాలామంది ఉన్నారు. అందుకే పురిటి నొప్పి తగ్గించే పద్ధతులు ఏమిటి, వాటి ప్రభావం తల్లి మీద, బిడ్డ మీద ఎంతకాలం ఉంటుంది, పరిశోధనల్లో ఏం తేలింది అన్న వివరాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాను. నేను డాక్టరును కాను. ఇందులోని విషయాలు మీ డాక్టరుతో మాట్లాడడానికి పనికొస్తాయి గానీ డాక్టరు మాటకు బదులు కావు.

ముందు మాటల తేడా తెలుసుకుందాం

మన ఇళ్ళలో "నొప్పుల ఇంజెక్షన్" అంటే నొప్పులు రావడానికి ఇచ్చే మందు, అంటే ఆక్సిటోసిన్. నొప్పి తగ్గించే ఇంజెక్షన్ వేరు. ఈ రెండూ కలగాపులగం కావడం వల్లనే సగం అపార్థాలు.

వెన్నులో ఇచ్చే మత్తులోనూ రెండు రకాలున్నాయి. మొదటిది ఎపిడ్యూరల్. వెన్నుపామును కప్పి ఉండే పొరకు బయట ఉన్న ఖాళీలోకి సూది ద్వారా ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి, సూది తీసేస్తారు. ఆ గొట్టం గుండా కాన్పు అయ్యేదాకా కొద్దికొద్దిగా మందు ఇస్తారు. పని మొదలవడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. తల్లి మెలకువగానే ఉంటుంది, నార్మల్ డెలివరీయే జరుగుతుంది. రెండోది స్పైనల్. ఇందులో పొర దాటి లోపలి నీటిలోకి చాలా సన్నటి సూదితో ఒకేసారి మందు ఇస్తారు. సిజేరియన్‌కు ఎక్కువగా వాడేది ఇదే. రెండింటిలోనూ సూది గుచ్చేది నడుము కింది భాగంలో. పెద్దవారిలో వెన్నుపాము అంతకంటే పైనే ముగుస్తుంది. కాబట్టి "వెన్నుపాములోకే గుచ్చుతారు" అన్న భయం అక్కర్లేదు.

పూర్తిగా స్పృహ తప్పించే జనరల్ మత్తును అత్యవసరమైతేనో, వెన్నులో ఇవ్వడం కుదరనప్పుడో వాడతారు.

ఇది కొంతమందికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. కర్ణాటకలో 31.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే మన అమ్మాయిల్లో చాలామంది కాన్పు ఈ మూడు రాష్ట్రాల్లోనే జరుగుతుంది. నార్మల్ డెలివరీలో "సూది వద్దు" అనుకున్న అమ్మాయికి సిజేరియన్ అయితే ఆ సూది ఎలాగూ పడుతుంది. అందుకని ముందే తెలుసుకోవడం మంచిది.

ఈ చరిత్రలో హైదరాబాదు

కాన్పు నొప్పికి మత్తు వాడడం 1847లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో మొదలైంది. జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు ఆ ఏడాది మొదట ఈథర్, తర్వాత క్లోరోఫాం ఇచ్చి చూశాడు. నొప్పి దేవుడు విధించినదని, దాన్ని తగ్గించడం తప్పని అక్కడా వాదించినవారున్నారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు క్లోరోఫాం తీసుకున్నాక ఆ వాదన మెత్తబడింది.

అయితే క్లోరోఫాం ఇచ్చినవారిలో కొందరు ఉన్నట్టుండి చనిపోయేవారు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్న వివాదం తేల్చడానికి పరీక్షలు జరిగింది మన హైదరాబాదులోనే. అక్కడి వైద్య పాఠశాలకు అధిపతి ఎడ్వర్డ్ లారీ. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో, 1889లో రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆ వైద్య పాఠశాలలోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీ హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చేవారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చరిత్రకారులు పేర్కొంటారు. పరదా పాటించే స్త్రీలకు ఒక మహిళా డాక్టరు మత్తు ఇవ్వడం ఆ కాలంలో ఎంత పెద్ద ఆసరాయో వేరే చెప్పనక్కర్లేదు.

కమిషన్ మాత్రం ఊపిరి జాగ్రత్తగా చూసుకుంటే చాలు, క్లోరోఫాం వల్ల గుండెకు నేరుగా ప్రమాదం లేదని తేల్చింది. 1911లో ఎ.జి. లెవీ చేసిన ప్రయోగాలు దాన్ని తప్పని రుజువు చేశాయి. క్లోరోఫాం గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగలదని తెలిసింది. కాలక్రమంలో ఆ మందు వాడకమే పోయింది.

ఈ కథ వల్ల రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మత్తు మందు మీద అనుమానం రావడం తప్పు కాదు. ఆ అనుమానాన్ని తీర్చాల్సింది మాత్రం పరీక్షలే, ఎవరో చెప్పిన మాట కాదు, అది ఎంత పెద్దవారు చెప్పినా సరే.

నడుము నొప్పి సంగతి

ఇక అసలు ప్రశ్న. ఈ భయానికి మూలం మన పెద్దల మాటల్లోనే కాదు, ఒక పరిశోధనలోనూ ఉంది. 1990లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు 11,701 మంది తల్లులను ఉత్తరాల ద్వారా అడిగారు. కాన్పు తర్వాత కొత్తగా నడుము నొప్పి మొదలై చాలాకాలం ఉందని చెప్పినవారు ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో సుమారు 19 శాతం, తీసుకోనివారిలో 10 శాతం పైచిలుకు. ఈ లెక్క చూసి ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

కానీ అది ఏళ్ళు గడిచాక జ్ఞాపకం మీద చెప్పిన లెక్క. పైగా ఎపిడ్యూరల్ తీసుకునేది ఎక్కువగా కాన్పు కష్టమైనవారు. కష్టమైన కాన్పు వల్ల నడుము నొప్పి వచ్చిందా, సూది వల్ల వచ్చిందా అన్నది దాంతో తేలదు. తేల్చాలంటే ముందుగానే చీటీలు తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి గమనించాలి. ఇంగ్లండులోనే మరో ఆసుపత్రిలో 369 మందితో అలా చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. సగటున రెండేళ్ళు దాటాక చూస్తే రెండు వర్గాల మధ్య నడుము నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2018లో కాక్రేన్ సంస్థ 40 అధ్యయనాలను, 11,000 మందికి పైగా స్త్రీల వివరాలను కలిపి చూసింది. అందులోనూ ఎపిడ్యూరల్ వల్ల దీర్ఘకాలిక నడుము నొప్పి పెరిగినట్టు కనబడలేదు. సిజేరియన్లు పెరిగినట్టూ కనబడలేదు.

సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపు ఉండవచ్చు. అది నిజం, అది తగ్గిపోతుంది. మరి మన ఇళ్ళలో ఇంతమందికి నడుము నొప్పి ఎందుకు? గర్భంతో ఉండగానే సుమారు సగం మందికి నడుము నొప్పి ఉంటుంది. కడుపు బరువుకు వెన్ను వంపు మారుతుంది, కీళ్ళ దగ్గరి బంధనాలు సడలుతాయి. కాన్పయ్యాక వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తుకోవడం, నిద్ర లేకపోవడం, విటమిన్ డి తక్కువగా ఉండడం, ఇవన్నీ తోడవుతాయి. సూది వేయించుకోని మన అమ్మమ్మలకూ నడుము నొప్పి ఉండేదన్న సంగతి మరిచిపోకూడదు. సూది మీద నింద వేసి ఊరుకుంటే నొప్పికి జరగాల్సిన వైద్యం జరగదు. దీనివల్ల కలిగే నష్టం ఇదే.

నిజంగా జాగ్రత్త పడాల్సినవి

వెన్నులో మత్తుకు అసలు ఇబ్బందులే లేవని కాదు. బ్రిటన్‌లో కాన్పుల మత్తు డాక్టర్ల సంఘం తల్లుల కోసం ప్రచురించిన వివరాల ప్రకారం ముఖ్యమైనవి ఇవి.

పని సరిగా చేయకపోవడం: ఎపిడ్యూరల్ తీసుకున్న 8 మందిలో ఒకరికి నొప్పి తగినంతగా తగ్గదు.

రక్తపోటు పడిపోవడం: చెప్పుకోదగ్గంతగా పడిపోయేది 50 మందిలో ఒకరికి. అందుకే సెలైన్ పెట్టి బీపీ చూస్తూ ఉంటారు.

తీవ్రమైన తలనొప్పి: ఎపిడ్యూరల్‌లో 100 మందిలో ఒకరికి, స్పైనల్‌లో 500 మందిలో ఒకరికి.

నరం దెబ్బతినడం: కాలిలో తిమ్మిరి, బలహీనత వంటివి తాత్కాలికంగా 1,000 మందిలో ఒకరికి. ఆరు నెలలు దాటి ఉండేది 13,000 మందిలో ఒకరికి.

వెన్నులో చీము గడ్డ: 50,000 మందిలో ఒకరికి.

ఇవి కాక కాన్పు సమయంలో జ్వరం, దురద, మూత్రం రాకపోవడం, కాన్పు కొంత ఆలస్యం కావడం ఉంటాయి. పాత అధ్యయనాల్లో పరికరాలతో బిడ్డను బయటకు తీయడం పెరిగినట్టు ఉంది. 2005 తర్వాత, తక్కువ మోతాదు మందులు వచ్చాక జరిగిన అధ్యయనాల్లో ఆ తేడా కనిపించలేదు.

వీటిలో తలనొప్పి గురించి కాస్త విడిగా చెప్పాలి. పొరకు పడిన రంధ్రం గుండా నీరు కారడం వల్ల ఈ తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. తగ్గకపోతే తల్లి చేతి నుంచి తీసిన కొంచెం రక్తాన్ని వెన్నులో అదే చోట ఎక్కిస్తారు, అది గడ్డకట్టి రంధ్రం మూస్తుంది. ఎపిడ్యూరల్ లావు సూదితో పొరకు పొరపాటున రంధ్రం పడినవారిలో కొందరికి తలనొప్పి నెలల తరబడి కూడా ఉండవచ్చని ఈ మధ్య అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి దాన్ని ఓర్చుకోమనడం సరికాదు.

మన ఇళ్ళలో బాలింతకు తలనొప్పి అంటే "చెవుల్లో దూది పెట్టుకోలేదు, గాలి తగిలింది" అని సరిపెడతారు. అలా సరిపెట్టడం ప్రమాదం. బాలింతల్లో బీపీ పెరిగినా, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టినా మొదట కనబడేది తలనొప్పే. మెదడు సిరల జబ్బు మన దేశంలో బాలింతల్లో ఎక్కువగా కనిపిస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు దశాబ్దాలుగా దీన్ని పరిశోధించారు. బాలింతకు నీళ్ళు తక్కువగా ఇచ్చే ఆచారం వల్ల ఒంట్లో నీరు తగ్గడాన్ని కూడా దీనికి ఒక కారణంగా చెబుతారు. మత్తు తీసుకున్నా తీసుకోకపోయినా, పురిటి పథ్యంలో నీళ్ళకు మాత్రం కట్టడి పెట్టకండి. తలనొప్పితో పాటు చూపు మసకబారడం, వాంతులు, ఫిట్స్, కాలూ చెయ్యీ బలహీనపడడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

బిడ్డ మీద ప్రభావం

ఎపిడ్యూరల్ మందు తల్లి రక్తంలోకి చేరేది తక్కువ, కాబట్టి బిడ్డకు చేరేది ఇంకా తక్కువ. కండకో నరానికో ఇచ్చే పెథిడిన్ వంటి ఇంజెక్షన్లు అలా కావు. అవి మాయ దాటి బిడ్డకు చేరతాయి. కాన్పుకు కొద్ది గంటల ముందు ఇస్తే పుట్టిన బిడ్డ మత్తుగా ఉండడం, ఊపిరి మందగించడం, పాలు సరిగా పట్టుకోకపోవడం జరగవచ్చు. దానికి విరుగుడు మందు ఉంది. "వెన్నులో వద్దు, మామూలు ఇంజెక్షన్ చాలు" అనేవారు ఈ తేడా గమనించాలి. మామూలు ఇంజెక్షనే బిడ్డకు ఎక్కువ చేరుతుంది.

2020 అక్టోబరులో కాలిఫోర్నియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. సుమారు 1,48,000 మంది పిల్లల రికార్డులు చూసి, ఎపిడ్యూరల్ తీసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిజం కొంత ఎక్కువగా ఉందన్నారు. ఆ వార్త వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత జరిగింది మాత్రం తిరగడం లేదు. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం ఆ నిర్ణయాన్ని వెంటనే ప్రశ్నించింది. 2021లో కెనడాలోని మానిటోబా నుంచి, డెన్మార్క్ నుంచి వేర్వేరు అధ్యయనాలు వచ్చాయి. డెన్మార్క్‌లో దాదాపు 4,80,000 మంది పిల్లలను చూశారు. రెండింటిలోనూ ఆ సంబంధం నిలబడలేదు.

తగ్గించని నొప్పికీ ప్రభావం ఉంటుంది

మందు వల్ల ఏమవుతుందో అని అడిగే మనం, మందు ఇవ్వకపోతే ఏమవుతుందో అని అడగం. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో కాన్పు తర్వాతి తొలి 36 గంటల్లో తీవ్రమైన నొప్పి పడినవారికి, ఎనిమిది వారాల తర్వాత కూడా నొప్పి ఉండే అవకాశం సుమారు రెండున్నర రెట్లు, డిప్రెషన్ అవకాశం సుమారు మూడు రెట్లు ఎక్కువగా ఉంది. కాన్పు నార్మలా, సిజేరియనా అన్నదానికంటే ఎంత నొప్పి పడ్డారన్నదే దీనికి ముఖ్యమని తేలింది. నొప్పే కారణమని దీంతో పూర్తిగా రుజువైనట్టు కాదు గానీ, "ఆడపుట్టుక కదా, ఓర్చుకోవాలి" అనే ముందు ఆలోచించాల్సిన విషయం.

2024లో స్కాట్లాండులో 5,67,216 మంది తల్లుల రికార్డులు పరిశీలించారు. ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో కాన్పు తర్వాత ప్రాణాపాయకరమైన ఇబ్బందులు 35 శాతం తక్కువగా ఉన్నాయి. నెలలు నిండకుండా కాన్పైనవారిలో, ముందే ఇతర జబ్బులున్నవారిలో ఆ మేలు ఇంకా ఎక్కువగా కనిపించింది.

మందు లేకుండా

అందరికీ సూది అక్కర్లేదు. వద్దనుకున్నవారిని తక్కువ చేయనూ కూడదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో అడిగిన తల్లికి ఎపిడ్యూరల్ ఇవ్వడమూ ఉంది. నడవనివ్వడం, మర్దన, వేడి కాపడం, ఊపిరి అభ్యాసం, తనకు నచ్చిన మనిషి తోడు కూడా ఉన్నాయి.

ఈ విద్య మన నేలకు కొత్త కాదు. తుమకూరు జిల్లాలో తెలుగు బాగా వినిపించే పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మ గారు పైసా తీసుకోకుండా 15,000కు పైగా పురుళ్ళు పోశారని చెబుతారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు, ఆ ఏడాది డిసెంబరు 25న బెంగళూరులో కన్నుమూశారు. కన్నడంలో సూలగిత్తి అంటే మన మంత్రసాని. ఆమె దగ్గర ఎపిడ్యూరల్ లేదు. ధైర్యం చెప్పే మాట, నొప్పుల మధ్య వదలని చెయ్యి ఉన్నాయి. నేటి ఆసుపత్రుల్లో చాలాచోట్ల లేనిది అదే. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడతోడును అనుమతించాలని చెప్పింది. 2017లో మొదలైన లక్ష్య పథకంలోనూ తోడు గురించి, మర్యాదగా చూడడం గురించి ఉంది. మీ అమ్మాయి చేరే ఆసుపత్రిలో ఇది అమలవుతోందా అని ముందే అడగండి.

ఏడో నెలలోనే అడగాల్సిన ప్రశ్నలు

ఈ ఆసుపత్రిలో మత్తు డాక్టరు రాత్రిపూట, ఆదివారం కూడా అందుబాటులో ఉంటారా? చాలాచోట్ల అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఎపిడ్యూరల్‌కు విడిగా ఎంత తీసుకుంటారు? ఇన్సూరెన్సులో వస్తుందా?

ఎపిడ్యూరల్ పెట్టాక తల్లి మంచం దిగి నడవవచ్చా? నీళ్ళు తాగవచ్చా?

సంతకం చేసే ఫారం కాపీ ముందే ఇస్తారా? తెలుగులో వివరించే సిస్టర్ ఉన్నారా?

ఇంటికి వెళ్ళాక తలనొప్పి, కాలి తిమ్మిరి వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

డాక్టరుకు మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నా, వెన్నుకు ఆపరేషన్ జరిగి ఉన్నా, నడుము మీద చర్మానికి ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మందులు పడకపోయినా తప్పక చెప్పాలి. ఇలాంటప్పుడు వెన్నులో మత్తు కుదరకపోవచ్చు.

చివరిగా పెద్దలకు ఒక మనవి. వెన్నులో మత్తు తీసుకోవాలా, వద్దా అన్నది అత్తగారో, అమ్మగారో, భర్తో తేల్చాల్సిన విషయం కాదు. నొప్పి పడేది ఎవరో నిర్ణయమూ వారిదే. తీసుకుంటే పిరికిది కాదు, తీసుకోకపోతే మొండిది కాదు. కాన్పు గదిలోకి వెళ్ళాక ఆమె మనసు మార్చుకుంటే అదీ తప్పు కాదు. మనం చేయగలిగిన సాయం ఒకటుంది. భయపెట్టే మాట ఒకటి తగ్గించి, తెలిసిన విషయం ఒకటి ముందుగా చెప్పడం. ఫారం చదివి తెలుగులో చెప్పే మనిషి కావాలంటే సంఘం కార్యాలయంలో అడగండి.